మోగని ప్లగ్గు

రావు గారి బండి బాగానే పోతోంది, లేదా బాగానే పోతోందని నాకు అనిపిస్తోంది. ఈ రెండింటికీ మధ్య తేడా చెప్పే చెవి ఇప్పుడు నా దగ్గర లేదు కాబట్టి అరికాళ్ళతో వింటున్నాను. ఫుట్‌రెస్టు మీది నుంచి చెప్పుల్లోకి, చెప్పుల్లోంచి మోకాళ్ళలోకి వణుకు ఎక్కుతుంది. అది ఒకే తీరుగా వస్తే ఇంజన్ సరిగ్గా కొడుతున్నట్టు, మధ్యలో ఒక దెబ్బ తప్పితే మిస్సింగ్ ఉన్నట్టు. ఇంతవరకు తప్పలేదు. నా గుండె మాత్రం ఇందాకటి నుంచి ఎలా కొట్టుకుంటోందో నాకే అర్థం కావడం లేదు. టైము నాలుగు నలభై. క్రాస్ రోడ్డు దగ్గర షాపు షట్టర్ దించి వచ్చాను, తాళం వేశానో లేదో గుర్తు లేదు. డిసెంబరు పొద్దు, ఐదున్నరకల్లా టేకు చెట్ల వెనక్కి జారుకుంటుంది. నా భార్య రుక్మిణి రెండున్నరకే రావాలి. ఈ రోజు బుధవారం, వాగవతలి గుంపులో, అంటే అక్కడి చిన్న అడవి పల్లెలో, పిల్లలకు టీకాలు వేసే రోజు. ఏఎన్ఎం ఉద్యోగం, పద్నాలుగు కిలోమీటర్ల అడవి దారి, పొద్దున ఎనిమిదింటికి నీలం రంగు టీకాల డబ్బా వెనక సీటుకు కట్టుకుని పోయింది. రెండున్నర అయింది, మూడున్నర అయింది, నాలుగయింది. ఫోను చేస్తే అందుబాటులో లేరని ఎవరో ఆడగొంతు చెబుతుంది, ఆ మాటైనా కుడి చెవికి అదిమి పెట్టుకుంటేనే. అడవిలో సిగ్నల్ ఉండదని తెలుసు. తెలిసీ పదిహేడు సార్లు చేశాను.

అడవంటే భయం ఉంది, కాదనను, కానీ దానికంటే ముందు ఆ ప్లగ్గంటే భయం. మంగళవారం సాయంత్రం ఆమె బండి స్పార్క్ ప్లగ్గు విప్పింది నేనే. తాండా ఎక్కుడు మీద బండి ఎగిరెగిరి పడుతోందని రెండు రోజులుగా అంటోంది. విప్పితే కొన నల్లగా ఉంది. నల్లగా పొడిగా ఉంటే బండి పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు, నల్లగా తడిగా ఉంటే ఆయిలు పైకి వస్తున్నట్టు, సున్నం కొట్టినట్టు తెల్లబడితే ఇంజన్ కాగిపోతున్నట్టు, ఇటుక పొడి రంగులో ఉంటే ఏ రోగమూ లేనట్టు. ఇవన్నీ వైరాలో మా ఉస్తాద్ నేర్పిన పాఠాలు, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఎమరీ కాగితంతో మసి గీకాను, రంపం బ్లేడు మందాన సందు పెట్టాను, ఉఫ్ అని ఊదాను. అప్పుడు చేయి జారింది. ప్లగ్గు సిమెంటు గచ్చు మీద పడింది. పడితే లోపలి తెల్ల పింగాణీ వెంట్రుకవాసి చిట్లవచ్చు, అది కంటికి కనపడదు. వేరే మెకానిక్‌లైతే పడిన ప్లగ్గు పారేసి కొత్తది వేస్తారు. మా ఉస్తాద్ దగ్గర పని నేర్చినవాళ్ళకు అది నామోషీ. మాకొక పద్ధతి ఉంది. ప్లగ్గును మర వైపు రెండు వేళ్ళతో పట్టుకుని చిన్న పానాతో పింగాణీ మీద మెల్లగా తడతాం. బాగుంటే టింగుమంటుంది, చిట్లితే టక్కుమంటుంది. వైరాలో ఆయన వరసగా పది ప్లగ్గులు తట్టి, మా వీపులు తన వైపు తిప్పించి, ఎన్నోది చెడ్డదో చెప్పమనేవాడు. నేనెప్పుడూ తప్పలేదు. మంగళవారం కూడా తట్టాను. టింగుమంది. మోగిందని ఒట్టేసి చెప్పగలను, కానీ ఎక్కడ మోగింది? ఇరవై ఆరేళ్ళ అలవాటు కదా, చెయ్యి తట్టగానే తల లోపల దానంతటదే మోగిందేమో. కొత్త ప్లగ్గుల డబ్బా మోచేతికి తగిలేంత దగ్గర్లో ఉంది. అందులోంచి ఒకటి తీసి చొక్కా జేబులో వేసుకోవడానికి నాకు ఈ సాయంత్రం నాలుగు గంటలదాకా బుద్ధి పుట్టలేదు.

చిట్లిన ప్లగ్గు పాడు గుణం ఏమిటంటే చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉంటుంది. ఒక్క కిక్కుకే బండి లేస్తుంది, చదును మీద మాట వింటుంది. వేడెక్కాక, ఎక్కుడు వచ్చి ఇంజన్ మీద బరువు పడ్డాక, నిప్పురవ్వ కొనదాకా రాకుండా ఆ వెంట్రుక సందులోంచి పక్కకు జారిపోతుంది. బండి దగ్గుతుంది, కుదుపుతుంది, సైలెన్సర్‌లో ఠప్పుమంటుంది, ఆగిపోతుంది. అరగంట చల్లారితే మళ్ళీ స్టార్టవుతుంది. వేడెక్కితే మళ్ళీ ఆగుతుంది. అంటే పోయేటప్పుడు రుక్మిణిని గుంపుదాకా చేర్చి ఉంటుంది, పొద్దుటి చలి కాబట్టి. వచ్చేటప్పుడు మధ్యాహ్నం ఎండ, రెండు ఎక్కుళ్ళు. చల్లారితే స్టార్టవుతుంది, వేడెక్కితే ఆగుతుంది, ప్రతి ఆగుడుకూ అడవిలో ఒక అరగంట ఒంటరిగా కూర్చోవాలి. ఇదంతా లెక్క కట్టుకుంటూ నేను బండి తోలుతున్నాను, ఎదురుగా వచ్చే ప్రతి మలుపు దగ్గరా ఆమె ఎర్ర హెల్మెట్ కనబడుతుందని చూస్తున్నాను, మలుపు తిరిగాక రోడ్డు ఖాళీగా ఉంటోంది.

పోనీ, ప్లగ్గు కాదేమో. ప్లగ్గు క్యాప్ వదులై ఉండొచ్చు. ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ అయి ఉండొచ్చు, అది కూడా వేడికే చస్తుంది. గుంపు దగ్గర కిరాణా కొట్టులో సీసాల్లో అమ్మే పెట్రోలు పోయించుకుని ఉంటే అందులో నీళ్ళు ఉండొచ్చు. కార్బొరేటర్‌లో చెత్త అడ్డం పడొచ్చు. టైరు పంచరై ఉండొచ్చు, పంచరైతే నా తప్పేమీ లేదు. దేవుడా, పంచరే అయి ఉండాలి అని మొక్కుకుంటున్నాను చూడండి, పెళ్ళాం అడవిలో ఇరుక్కుంటే మొగుడు మొక్కుకునే మొక్కు ఇది. సిగ్గేసింది. అయినా మొక్కు వెనక్కి తీసుకోలేదు.

చెవి సంగతి ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ళ కిందట ఎడమ చెవిలో గుయ్‌మని మొదలైంది, దూరంగా బోరు నడుస్తున్నట్టు. పక్కనే పొద్దంతా కంప్రెషర్, సైలెన్సర్ పీకేసి రేసు ఇచ్చే కుర్రాళ్ళ బండ్లు, ఇనుము మీద సుత్తి, ఏదో ఒకటి అనుకున్నాను, రెండు రోజుల్లో తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు సరికదా, సన్నటి చప్పుళ్ళు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. ముందు ఇంటి ముందరి పిచ్చుకలు, తర్వాత కుక్కర్ విజిల్, తర్వాత ఇంజన్ పైభాగంలో టకటకలాడే ట్యాపెట్ చప్పుడు. బరువైన చప్పుళ్ళు మిగిలాయి. ఖమ్మంలో చెవి డాక్టరు దగ్గరికి ఒక్కడినే పోయాను, గాజు గదిలో కూర్చోబెట్టి బీప్ వినపడితే బటన్ నొక్కమంది అక్కడ పరీక్ష చేసే పిల్ల. నేను బాగా నొక్కాననే అనుకున్నాను. డాక్టరు కాగితం చూపించి ఎడమది దాదాపు పోయింది, కుడిది పోతోంది, మిషను పెట్టుకుంటే కుడిదైనా కొంత పనికొస్తుంది అన్నాడు. ఏం పని చేస్తారని అడిగాడు. వ్యవసాయం అని చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు, ఆ గదిలో నన్నెరిగినవాళ్ళు ఎవరూ లేరు కూడా. మెకానిక్‌కి చెవి పోవడమంటే వంటవాడికి నాలుక పోయినట్టే. చెవికి మిషను పెట్టుకుని ఇంజన్ ముందు కూర్చునేవాడికి ఎవరు బండి ఇస్తారు? ఇంట్లో మాత్రం స్పేర్లకు పోయానని చెప్పాను, అబద్ధం నమ్మించడానికి రెండు చైన్ సెట్లు కూడా కొనుక్కొచ్చాను. రుక్మిణి వాటిని చూసి, మొన్ననే కదా తెచ్చినవ్ అని మాత్రం అంది.

తొమ్మిదో కిలోమీటరు రాయి. ఇక్కడి నుంచి రోడ్డుకు రెండు పక్కలా వెదురు. పోయిన వారమే మైకు కట్టిన ఆటో మా తాండాలోకి వచ్చింది, వాగు దగ్గర తడి ఇసుకలో పులి అడుగులు పడ్డాయని, ఒంటరిగా పోవద్దని, నాలుగు గంటలకల్లా ఊరు చేరాలని. వాట్సాప్‌లో ఫోటో కూడా వచ్చింది, అడుగు పక్కన అగ్గిపెట్టె పెట్టి తీసిన ఫోటో, అగ్గిపెట్టె చిన్నగా కనబడుతోంది. గుంపువాళ్ళ ఆవు ఒకటి పోయిందట. రుక్మిణితో ప్రతి వారం వచ్చే ఆశా కార్యకర్తకు జ్వరం, అందుకే ఒక్కతే పోయింది. నేను తోడు వస్తానని అనలేదు, షాపులో పని ఉంది. షాపులో ఎప్పుడూ పని ఉంటుంది. ఎదురుగా పత్తి కూలీల ఆటో వస్తే చెయ్యెత్తి ఆపాను. దాంట్లో పదిమంది దాకా ఉన్నారు, అందరూ ఒకేసారి ఏదో చెప్పారు, ఒక్క ముక్క అర్థం కాలేదు. డ్రైవరు మొహం చూస్తూ రుక్మిణి గురించి మళ్ళీ అడిగాను. వాళ్ళు పక్క చేనులోంచే రోడ్డెక్కారట, అవతల రోడ్డు మీద ఏం జరిగిందో తెలియదట. ఇప్పుడు అటు పోవద్దన్నాడు, అది మాత్రం అతని చెయ్యి ఊపుడులోనే అర్థమైంది. పులి మెత్తగా నడుస్తుంది, దాని అడుగు ఎవరికీ వినపడదని అంటారు. నాకు మనిషి అడుగే వినపడదు. వెనక నుంచి ఏమొచ్చినా నా మీద పడ్డాకే తెలుస్తుంది. అద్దంలోకి చూశాను, ఎర్రమట్టి దుమ్ము తప్ప ఏమీ లేదు.

పొద్దున జరిగింది గుర్తు చేసుకోకూడదనుకుంటూనే ఉన్నాను. రుక్మిణి డబ్బా కట్టుకుని షాపు ముందు ఆగింది. అప్పటికే వెంకటరామారావు గారు బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు. ఆయనది సత్తుపల్లి వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, మిరప తోటలు, ఇరవై ఏళ్ళుగా ఆయన బండి నేను తప్ప ఎవరూ ముట్టలేదు. పోయిన నెల ఆయన బండిలో మిస్సింగ్ నేను పట్టుకోలేకపోయాను. రెండుసార్లు బాగైందని ఇచ్చాను, రెండుసార్లూ తిరిగొచ్చింది, చివరికి కొత్తగూడెంలో ఎవరో ప్లగ్గు క్యాప్‌లోంచి కరెంటు లీకవుతోందని ఒక్క నిమిషంలో చెప్పారట. ఆయన పెద్దమనిషి, కోప్పడలేదు. ఏంటి కోటేషూ, ఈ మధ్య చెవిలో దూది పెట్టుకుంటున్నావా అని నవ్వి ఊరుకున్నారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నెల రోజులుగా గొంతులోనే ఉంది. పొద్దున ఆయన ముందే రుక్మిణి బండి దిగకుండా అంది, నిన్న నువ్వు సాఫ్ చేసినంక ఇంకింత ఎక్కువైంది, మిస్ కొడుతుంది, సూడు అని. నేను వచ్చి హ్యాండిల్ తిప్పి రెండుసార్లు రేసు ఇచ్చాను. లీకయ్యే ప్లగ్గు సన్నగా టిక్ టిక్ అంటుంది, గోడ గడియారంలా, ఇంజన్ చప్పుడు కింద నుంచి వినాలి. తల వంచాను, విన్నట్టు మొహం పెట్టాను. రావు గారు చూస్తున్నారు. బండి మంచిగున్నది అన్నాను. మెకానిక్కును నేనా నువ్వా అని కూడా అన్నాను, ఆయనకు వినబడేలా. రుక్మిణి నన్ను కాసేపు చూసింది. కోపంగా చూడలేదు. కోపమొస్తే మా లంబాడీ మాట వదిలేసి తెలుగులో తిడుతుంది, అది నాకు తెలుసు. ఇది వేరేగా ఉంది. టీకా వేసే ముందు పిల్ల మొహంలోకి చూస్తుందే, అలా చూసింది. సరే పోతున్న అని గేరు వేసింది. రావు గారు బండి సర్వీసుకు వదిలి వెళ్ళి, నాలుగింటికి తీసుకుపోవడానికి వచ్చారు. నా మొహం చూసి ఏమైందని అడిగారు, చెప్పాను. తాళం నా చేతిలో పెట్టి, తీసుకెళ్ళవయ్యా, నన్నడగాలా అన్నారు. అదే బండి మీద ఇప్పుడు పోతున్నాను.

ఆమెకు బండి నేర్పింది నేనే. ఉద్యోగం వచ్చిన కొత్తలో నెల రోజులు తాండా వెనక పొలాల బాటలో వెనక కూర్చుని నేర్పాను. క్లచ్ వదలడం రాక మిరప చేలో పడ్డాం, ఇద్దరికీ కళ్ళు మండాయి, మా కూతురు సాయిప్రియ అప్పుడు చంటిది, గట్టు మీద కూర్చుని మమ్మల్ని చూసి చప్పట్లు కొట్టింది. చెవితో గేరు మార్చమని నేనే చెప్పాను. ఇంజన్ అడుగుతుంది, అడిగినప్పుడు మార్చాలె అన్నాను. అందుకే ఆమెకు బండి చప్పుడు అంత బాగా తెలుసు. నేను నేర్పిన చెవి అది. దాన్నే పొద్దున అందరి ముందు వెక్కిరించాను. ఇంకోటి కూడా గుర్తొస్తోంది, ఎందుకొస్తోందో తెలియదు. ఏడాది నుంచి ఆమె మంచానికి కుడి పక్కన పడుకుంటోంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఎడమ పక్కే, ఒకరోజు ఉన్నట్టుండి ఫ్యాను గాలి మీద పడుతోందని ఇటు మారింది. అన్నం దగ్గర కూడా ఈ మధ్య నా కుడి వైపే కూర్చుంటోంది. ఫ్యాను వంటింట్లో లేదు కదా. ఆ ఆలోచన అక్కడ ఆగిపోయింది, ఎందుకంటే రోడ్డు మీద కొమ్మ కనబడింది.

పచ్చి కొమ్మ. మా దారిలో ఎవరి బండి ఆగినా పక్కన చెట్టు కొమ్మ విరిచి కొంచెం దూరంలో రోడ్డు మీద వేస్తారు, లారీ అయినా సరే, సైకిలయినా సరే. బాగై పోయేటప్పుడు ఆ కొమ్మ తీసి పక్కన పారేసి పోవాలి, లేకపోతే తర్వాత వచ్చేవాడు ఉత్త పుణ్యానికి భయపడతాడు. ఇది టేకు కొమ్మ, పెద్ద ఆకులు, అంచులు వడలిపోయి ముడుచుకున్నాయి. విరిచి గంట దాటింది. ఇరవై అడుగుల అవతల రుక్మిణి బండి స్టాండు వేసి ఉంది. మనిషి లేదు. హెల్మెట్ లేదు, డబ్బా లేదు, డబ్బా కట్టిన తాడు సీటు మీద వేలాడుతోంది. రావు గారి బండి ఆపేశాను. ఇంజన్ ఆగగానే అడవి చప్పుడు వినబడాలి. నాకు వాగు చప్పుడు ఒక్కటే వినబడింది, సన్నగా, ఆగకుండా. ఆమె ఇంజన్ మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. చల్లారితే స్టార్టవుతుంది. మరి స్టార్ట్ చేసుకుని ఎందుకు రాలేదు? కిక్కు కొట్టడానికి మనిషి ఉండాలి కదా అని లోపల ఎవరో అన్నారు. నేల మీద ఏమైనా అడుగులు ఉన్నాయేమోనని వంగి చూశాను, ఏం వెతుకుతున్నానో నాకు నేను చెప్పుకోలేదు. ఆమె చెప్పుల గుర్తులు బండి చుట్టూ ఉన్నాయి, తర్వాత గడ్డిలోకి పోయి కనబడకుండా పోయాయి.

రుక్మిణీ అని పిలిచాను. నా గొంతు నాకే సగం వినబడింది. మళ్ళీ పిలిచాను. ఏదో వచ్చింది, మనిషి గొంతే, సన్నగా, ముక్కలుగా. ఉంది, బతికి ఉంది. ఎటు నుంచి? ఒక్క చెవితో వినేవాడికి లోకమంతా ఆ చెవి వైపే ఉంటుంది. కుడి వైపు నుంచి వస్తోంది, అంటే వాగు వైపు నుంచి. కుడి వైపు దిగాను. వెదురు కంపలు చొక్కా పట్టుకుని లాగుతున్నాయి, వస్తున్న, ఆడనే ఉండు అని అరుస్తూ దిగుతున్నాను. గొంతు మళ్ళీ వచ్చింది, ఈసారి దూరంగా. దూరమవుతోంది. ఆమెను ఏదో లాక్కుపోతోందా? ఫోటోలోని అగ్గిపెట్టె కళ్ళ ముందు నిలబడింది. ప్లగ్గు పానా చేతిలో ఉంది, దాన్ని గట్టిగా పట్టుకున్నాను, జానెడు ఇనుము, దానితో ఏం చేస్తానో తెలియదు. దిగుతున్న కొద్దీ గొంతు దూరమవుతోంది, దూరమవుతున్న కొద్దీ నేను పరుగెత్తుతున్నాను, వాగు చప్పుడు చెవి నిండా ఉంది. ఆ ప్లగ్గు నేను తట్టాను, అది మోగలేదు, మోగిందన్నాను, అని ఎవరికో చెప్పుకుంటున్నాను పరుగెత్తుతూ. ఎడమ భుజం మీద ఏదో పడింది.

నేను అరిచిన అరుపు మాత్రం నాకు బాగా వినపడింది. పానా ఎత్తి తిరిగాను. రుక్మిణి. హెల్మెట్ చేతిలో ఉంది, జుట్టు నిండా మొక్కజొన్న పీచు, వగరుస్తోంది. నా చెయ్యి పట్టుకుని దింపింది. ఎంతసేపటి నుంచి నా వెనక పరుగెత్తుతోందో ఆమె మొహమే చెబుతోంది.

“ఎన్నిసార్లు పిలిచిన. వాగు దిక్కు ఉరుకుతున్నవేంది? నేను అటు దిక్కు, మంచె మీదున్న.”

చూపించిన వైపు చూశాను. రోడ్డుకు ఎడమ పక్క మొక్కజొన్న చేను, దాని మధ్యలో అడవి పందుల కాపలాకు కట్టిన మంచె. బండి దగ్గర నుంచి యాభై అడుగులు ఉండదు. అక్కడి నుంచి పిలుస్తూ ఉంటే నేను వీపు చూపించి అడవిలోకి పరుగెత్తాను. సాకు నోటి దాకా వచ్చింది, రెండేళ్ళుగా సిద్ధంగా ఉంచుకున్నదే.

“వాగు సప్పుడుకు వినపడలే.”

“ఏం వాగు? నీళ్ళు ఎండిపోయి పది రోజులాయె.”

ఆమె చెయ్యి ఇంకా నా మణికట్టు మీదే ఉంది. నా చెవిలో వాగు పారుతూనే ఉంది. రుక్మిణి తల తిప్పి చెట్ల పైకి చూసింది, గొంతు తగ్గించి, నా కుడి వైపుకు వచ్చి అడిగింది.

“కొండముచ్చులు అరుస్తున్నయ్. గంట నుంచి ఒక్కతీరుగ అరుస్తున్నయ్, గందుకే మంచె ఎక్కిన. వినపడుతలేదా?”

చెట్ల వైపు చూశాను. కొమ్మలు ఊగుతున్నాయి. నల్లటి మొహాలు, తెరుచుకుంటున్న నోళ్ళు. పులి తిరిగితే కొండముచ్చులు అలా అరుస్తాయని మా తాండాలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. అన్ని నోళ్ళు తెరుచుకుంటున్నాయి, ఒక్క చప్పుడు లేదు. ఖమ్మంలో గాజు గదిలో కూడా ఇంత భయం వేయలేదు.

“వినపడుతలేదు,” అన్నాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. నన్ను పైకి లాక్కుపోతూనే, వెనక్కి చూస్తూనే చెప్పింది, నిరుడు పత్తి ఏరినప్పటి నుంచి తెలుసట. ఎడమ పక్క పడుకుని ఏదైనా చెబితే నేను పలకను, కుడి పక్క పడుకుంటే పలుకుతాను, అలా కనిపెట్టిందట. నేనే చెబుతానని చూసిందట, చైన్ సెట్లు తెచ్చిన రోజు చెబుతానేమోనని రాత్రి చాలాసేపు మేలుకుని ఉందట. రోడ్డెక్కాం. అడగకుండా ఉండలేకపోయాను.

“పొద్దున బండి మంచిగలేదని తెలిసే ఎక్కినవా?”

“రావు సారు ముందట నిన్నేమనాలె మరి?”

అంతే అంది. తిట్టినా బాగుండేది. నా పరువు కోసం ఈ అడవిలోకి అలాంటి బండి మీద వచ్చింది, నా పరువు ఆమెను ఇక్కడ గంటన్నర కూర్చోబెట్టింది. ఏడుపొచ్చింది, ఏడవడానికి టైము లేదు. బండి పక్కన కూర్చుని క్యాప్ పీకాను, ప్లగ్గు విప్పాను. పానా రెండుసార్లు జారింది. రుక్మిణి నా వెనక నిలబడి అడవి వైపు చూస్తోంది, ఇంక అరుస్తున్నయ్, అరుస్తున్నయ్ అని మెల్లగా చెబుతోంది, నాకు వినబడేలా కుడి వైపు వంగి. పాత ప్లగ్గును మర వైపు రెండు వేళ్ళతో పట్టుకుని పానాతో తట్టాను. అలవాటు కొద్దీ తల లోపల మోగింది. చెయ్యి పైకెత్తి పట్టుకున్నాను.

“మోగిందా?”

“ఇప్పుడా గివన్ని?” అంది, కానీ విన్నది. “లేదు. టక్కుమన్నది.”

జేబులోంచి కొత్తది తీసి అదీ తట్టి అడిగాను. మోగింది అంది. బిగించాను, క్యాప్ నొక్కాను, ఒక్క కిక్కుకు ఇంజన్ లేచింది. అరచెయ్యి ట్యాంకు మీద పెట్టాను, వణుకు ఒకే తీరుగా ఉంది. సరిపోదు. ఎట్లుంది అని ఆమె మొహంలోకి చూశాను. కళ్ళు మూసుకుని రెండు క్షణాలు విన్నది, మంచిగున్నది అని తలూపింది. తర్వాత ఆమె చూపు నా భుజం మీదుగా చెట్ల వైపు పోయింది, పెదవుల రంగు మారింది.

“ఆగినయ్,” అంది.

అరుపులు ఆగిపోతే అది దూరం పోయినట్టా, దగ్గరికి వచ్చినట్టా, ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. పరుగెత్తి మంచె దగ్గరి డబ్బా తెచ్చింది, నేను తాడు కట్టాను. ఎప్పుడూ నేనే ముందు పోతాను, ఆమె వెనక వస్తుంది, పెళ్ళయిన దగ్గర్నుంచి అదే పద్ధతి. ఆమె అలవాటుగా నేను కదలాలని చూస్తోంది.

“నువ్వు ముందు పో,” అన్నాను. “ఎనక నువ్వు ఆగిపోయినా, పిలిచినా నాకు తెల్వది. కండ్లకు కనపడాలె.”

ఆమె లైటు వేసుకుని గేరు వేసింది. టేకు కొమ్మ తీసి పక్కన పారేసి నేను వెనక కదిలాను. పొద్దు దిగిపోయింది, వెదురు రెండు పక్కలా నల్లబడింది. చెవిలో లేని వాగు పారుతూనే ఉంది, దాని కింద ఏముందో, మా వెనక ఏమొస్తోందో నాకు తెలియదు. ముందు ఎర్ర లైటు ఉంది. క్రాస్ రోడ్డు దాకా దాని మీది నుంచి కన్ను తీయలేదు.